గండుపిల్లులలో మూత్రబంధము: గృహస్థులు తెలిసికొనవలసిన విషయములు

పూర్వము మన ఇండ్లలో పిల్లి అనగా ఎలుకల కొరకు ఉండు జీవి. పగలు కప్పు మీదను, రాత్రి గాదెల చెంతను తిరుగుచు, తన ఆహారమును తానే వెదకికొనెడిది. నేడు కాలము మారినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోనే గాక మా తుంగతుర్తి వంటి ఊళ్లలో సైతము మధ్యతరగతి కుటుంబములవారు పిల్లిని ఇంటిబిడ్డవలె పెంచుచున్నారు. ఇంటిబిడ్డయైన పిమ్మట దానికి జబ్బు చేసినపుడు బిడ్డకు చేయు గృహవైద్యమునే చేయుదురు. మూత్రము సరిగా రానిచో పల్లేరు కషాయము, బార్లీ నీరు, లేత కొబ్బరినీరు ఇచ్చుట మన ఇండ్లలో అనాదిగా ఉన్న ఆచారము. ఆ ఆచారమునే పిల్లికి కూడ వర్తింపజేయుచున్నారు.

పిల్లికి మూత్రము కొంచెము మంటతోనో, తరచుగానో వచ్చుచున్నపుడు కొంత ఆలోచించుకొనుటకు వ్యవధి ఉండును. గండుపిల్లికి మూత్రము పూర్తిగా నిలిచిపోయినపుడు ఆ వ్యవధి ఉండదు. అట్టి పిల్లికి ఇంటిలో మందు లేదు. అదే పూట పశువైద్యుని వద్దకు చేర్చుటయే దానికి చికిత్స. ఆయుర్వేదమును గురుముఖమున అభ్యసించి, ఆ వృత్తిలోనే వయసు మళ్లిన నేను ఈ మాట చెప్పుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన శాస్త్రము చెప్పునది కూడ ఇదియే. అది ఎట్లో ఈ పాఠమున వివరించెదను.

శాస్త్రము చూపిన భేదము

మూత్రసంబంధమైన బాధలను మన ఆచార్యులు రెండుగా విభజించిరి. మొదటిది మూత్రకృచ్ఛ్రము. ఇందు మూత్రము వచ్చుచుండును గాని కష్టముతో, మంటతో, నొప్పితో వచ్చును. రెండవది మూత్రాఘాతము. ఇందు నొప్పి కంటె అడ్డంకి ప్రధానము. మూత్రము నిలిచిపోవును, లేదా నిలిచినదానితో సమానమగును. సుశ్రుతుడు ఉత్తరతంత్రమున మూత్రాఘాతములను 12 విధములుగను, చరకసంహిత సిద్ధిస్థానమున 13 విధములుగను చెప్పియున్నారు.

ఆ భేదములలో రెండింటిని చదివినచో గండుపిల్లి వ్యాధియే కన్నుల ముందు నిలుచును. మూత్రోత్సంగమున మూత్రము వస్తియందో, మార్గమునందో, మార్గము చివరనో తట్టుకొని, కొంచెము కొంచెముగా, ఒక్కొకప్పుడు రక్తముతో కూడి వచ్చును. మూత్రజఠరమున నిలిచిన మూత్రముచే బొడ్డు క్రింద పొట్ట ఉబ్బి బిగిసిపోవును. పిల్లిలో మొదటిది ముదిరి రెండవదిగా మారుటకు ఒక పగలు, ఒక రాత్రి చాలును.

వస్తి, అనగా మూత్రాశయము, హృదయ శిరస్సులతో పాటు మూడు ప్రధాన మర్మములలో ఒకటియని చరకమతము. సుశ్రుతుడు దానిని సద్యఃప్రాణహర మర్మములలో చేర్చెను. దెబ్బతినినచో శీఘ్రముగా ప్రాణము తీయు స్థానమని దీని అర్థము. ఆ మర్మము ఉబ్బి పగులుటకు సిద్ధముగా ఉన్నపుడు కషాయము కాచుచు కూర్చుండుట శాస్త్రసమ్మతము కాదు.

గండుపిల్లికే ఎందుకు వచ్చును?

ఆడజాతి పిల్లికి మూత్రమార్గము పొట్టిగా, వెడల్పుగా ఉండును. అందుచే దానికి మంట, రక్తము కనబడవచ్చును గాని మార్గము పూర్తిగా మూసికొనిపోవుట అరుదు. గండుపిల్లి మార్గము పొడవైనది, చివరకు పోవుకొలది సన్ననైనది. చివరి భాగమున దాని వెడల్పు ఒక మిల్లీమీటరు కంటె తక్కువ. ఇసుక రేణువంత పదార్థము అచట చిక్కుకొన్నను దారి మూసికొనును.

అడ్డుపడునవి ముఖ్యముగా మూడు. జిగురువంటి స్రావమున సూక్ష్మ స్ఫటికములు కలిసి ఏర్పడిన బిరడా మొదటిది. రెండవది చిన్న రాయి. మూడవది మూత్రాశయపు వాపు. ఈ మూడవదానిలో రాయి గాని బిరడా గాని లేకున్నను మార్గము వాచి, కండరములు బిగిసి మూత్రము నిలిచిపోవును. ఈ వాపునకు స్పష్టమైన కారణము పెక్కు సందర్భములలో కనబడదు. మనఃక్షోభకు దీనితో సంబంధము కలదని పశువైద్యులు గుర్తించిరి.

పిల్లి పుట్టుకయే ఈ వ్యాధికి కొంత అనుకూలముగా ఉన్నది. దాని పూర్వీకులు ఎడారి ప్రాంతపు అడవిపిల్లులు. అవి తాము చంపి తిన్న జీవి మాంసములోని తడితోనే చాలవరకు గడపెడివి. ఆ స్వభావము నేటికిని పోలేదు. దాహమైనను పిల్లి నీటిగిన్నె చెంతకు వెంటనే పోదు, మూత్రమును చిక్కబరచుకొని సర్దుకొనును. అట్టి జీవిని ఇంటిలోనే ఉంచి, కదలిక తగ్గించి, పొట్లాలలో దొరుకు ఎండు గుళికలనే మేతగా పెట్టినచో మూత్రము ఇంకను చిక్కనగును. చిక్కని మూత్రమున స్ఫటికములు సులభముగా ఏర్పడును. నడివయసు గండుపిల్లులలో, అందును లావెక్కి బయట తిరుగని వానిలో, ఈ వ్యాధి అధికము.

గుర్తించు విధము

ఆరోగ్యముగా ఉన్న పిల్లి దినమునకు 2 నుండి 4 సార్లు మూత్రము పోయును. ఈ క్రింది లక్షణములను ఇంటివారందరు గుర్తుంచుకొనవలెను.

1. ఇసుక తొట్టికి మాటిమాటికి పోయి చాలసేపు కూర్చుండుట, ముక్కుట, అరచుట.
2. ఇసుక తడియకుండుట, లేదా ఒకటి రెండు ఎఱ్ఱని చుక్కలు మాత్రమే పడుట.
3. మూత్రస్థానమును విడువక నాకుకొనుట.
4. అలవాటు లేని చోట్ల, అనగా స్నానాల గదిలోనో, చల్లని బండల మీదనో కూర్చుండి ముక్కుట.
5. ఎత్తుకొన్నపుడు పొట్ట తాకనీయకుండుట.
6. మేత మానుట, వాంతి చేసికొనుట, మూలకు పోయి దాగుట.
7. చివరి దశలో శరీరము చల్లబడుట, లేవలేకపోవుట, గుండె కొట్టుకొనుట మందగించుట.

ఇచట పెద్ద పొరపాటుకు అవకాశము కలదు. ముక్కుచు కూర్చున్న పిల్లిని చూచి మలబద్ధకమని తలంచి ఆముదము పట్టువారు కలరు. కాబట్టి మొదట ఇసుకను చేతితో కదిపి చూడవలెను. తడి ముద్దలు లేనిచో అది మూత్రబంధమనియే భావింపవలెను. చుక్కలు పడుచున్నవి గదా యని ధైర్యము వహింపరాదు. నిండిన కుండ అంచున కారు చుక్కలు కుండ ఖాళీ అగుటకు గుర్తు కావు.

లోపల జరుగు క్రమము

ఊళ్లలో సాధారణముగా జరుగునది ఇది. సాయంత్రము పిల్లి తొట్టి చుట్టు తిరుగును. ఎవరును పట్టించుకొనరు. రాత్రి అరచును. వేడి చేసినదని కొంచెము మజ్జిగయో పాలో పెట్టుదురు. తెల్లవారి మేత ముట్టదు. అప్పుడు ఎవరో చెప్పగా పల్లేరుకాయలు తెచ్చి కాచి, మధ్యాహ్నము చెంచాతో పోయుదురు. పిల్లి నురుగు కక్కును. సాయంత్రమునకు అరపు మానును. అది నెమ్మదించినదని ఇంటివారు సంతసింతురు. నిజమునకు అది నెమ్మది కాదు. విషము తలకెక్కి మత్తు కమ్ముట.

మార్గము మూసికొనగనే మూత్రాశయము నిండి బిగియును. ఆ ఒత్తిడి పైకి ప్రాకి మూత్రపిండముల పని నిలిచిపోవును. బయటికి పోవలసిన యూరియా, క్రియాటినిన్ వంటి మలినములు రక్తమున చేరును. ఒక దినములోనే ఈ మార్పు రక్తపరీక్షలో కనబడును. వీనికంటె భయంకరమైనది పొటాషియం. అది రక్తమున మితిమీరినచో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవును. పూర్తి బంధము విడువనిచో రెండు మూడు దినములలో పిల్లి మరణించును. కొన్ని అంతకుముందే మరణించును.

మూత్రలములు ఏల పనికిరావు?

మన ప్రాంతపు చెరువును తలంచుకొనుడు. చెరువునకు కట్ట, తూము, మత్తడి ఉండును. తూము పూడిపోయినను మత్తడి దూకి కట్ట నిలుచును. మూత్రాశయమునకు మత్తడి లేదు, తూము ఒక్కటే కలదు. అది పూడియున్నపుడు పైనుండి కొత్త నీరు వదలినచో కట్టకు ముప్పు. పల్లేరు, కొండపిండి, గలిజేరు, బార్లీ, ధనియాలు ఇవన్నియు మూత్రలములు, అనగా మూత్రమును పెంచునవి. ఇవి కాలువకు నీరు తెచ్చును గాని తూములోని రాయిని తీయలేవు. తెరచియున్న మార్గమున వీని గుణమే, మూసియున్న మార్గమున దోషమగును.

రెండవ కారణము ఇంకను ముఖ్యమైనది. లేత కొబ్బరినీటిలో పొటాషియం అధికము. యవక్షారమున పొటాషియం లవణములే ప్రధానము. సురేకారము పొటాషియం నైట్రేటే. శ్వేతపర్పటి సురేకారముతోనే తయారగును. మనుష్యులకు మూత్రకృచ్ఛ్రమున వైద్యుడు యుక్తితో వాడు ఈ మందులు, అప్పటికే పొటాషియంతో నిండిన పిల్లి రక్తమున చేరినచో గుండెను ఆపుటకు తోడ్పడును. పైగా క్షారములు మూత్రమును క్షారగుణముగా మార్చును. పిల్లులలో తరచుగా కనబడు స్ట్రువైట్ అను స్ఫటికములు ఏర్పడునది అట్టి మూత్రముననే.

మూడవది పిల్లి దేహధర్మము. అది కేవల మాంసాహారి. మన కాలేయము విరిచి బయటికి పంపగల పెక్కు ద్రవ్యములను దాని కాలేయము విరువలేదు. నొప్పికని ఇచ్చు పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలును, పిల్లి ప్రాణము తీయుటకు. పాలకాప్యుని గజశాస్త్రము, శాలిహోత్రుని అశ్వశాస్త్రము మనకు కలవు. అవి ఏనుగునకు, గుఱ్ఱమునకు చెప్పిన మాత్రలు. వానిని గాని, మనుష్యుల మాత్రలను గాని నాలుగు కిలోల పిల్లికి భాగించి ఇచ్చుటకు శాస్త్రాధారము లేదు.

మోదుగపూలు ఉడికించి పొత్తికడుపుపై కట్టుట మన పల్లెలలో తెలిసిన చిట్కా. బిగిసిన కండరము వెచ్చదనముచే కొంత సడలవచ్చునేమో గాని బిరడా కరగదు. ఆ కట్టు కట్టి ఎదురుచూచిన నాలుగు గంటలే పిల్లికి చాలకపోవచ్చును.

సుశ్రుతుడు ఏమి చేసెను?

ఆయుర్వేదమనగా కషాయములు, చూర్ణములు మాత్రమేయని తలంచువారు సుశ్రుతసంహిత సూత్రస్థానమున యంత్రముల అధ్యాయము చూడవలెను. అందు మూత్రమార్గమును శుభ్రపరచుటకు ఒక శలాకను చెప్పెను. దాని కొన మాలతీపుష్పపు కాడ కొనయంత గుండ్రన. అంతటి సున్నితమైన సాధనమును ఆనాడే కల్పించినారనగా, అడ్డంకిని సాధనముతోనే తొలగింపవలెనను జ్ఞానము వారికి ఉండెనన్నమాట. అశ్మరీ చికిత్సలో కూడ కొత్తగా ఏర్పడిన రాయికి ఔషధమును, పెరిగిన రాయికి శస్త్రమును చెప్పెను. శస్త్రము చేయనిచో మరణము నిశ్చయము, చేసినచో ఫలితము సందేహము, కాన ప్రభువు అనుమతి తీసికొని చేయవలెనని హెచ్చరించెను. ఏది ఔషధసాధ్యమో, ఏది శస్త్రసాధ్యమో తెలియుటయే వైద్యుని మొదటి గుణమని గురుకులమున మాకు బోధించిరి. నేటి పశువైద్యుని చేతిలోని సన్నని గొట్టము ఆ శలాకకు వారసురాలే.

ఇంటివారు చేయవలసినవి, చేయరానివి

చేయవలసినవి: పిల్లిని గాలి తగులు బుట్టలోనో, పెట్టెలోనో మెత్తని బట్ట పరచి ఉంచవలెను. చివరిసారి మూత్రము ఎప్పుడు పోసినదో, వాంతి అయినదో లేదో, ఏమి తినినదో కాగితముపై వ్రాసికొనవలెను. వైద్యునకు ముందుగా ఫోను చేసి “గండుపిల్లి, మూత్రము నిలిచినది” అని స్పష్టముగా చెప్పవలెను. అర్ధరాత్రియైనను బయలుదేరు ప్రయత్నము చేయవలెను.

చేయరానివి: పొట్టను నొక్కరాదు. బిగిసిన మూత్రాశయము పగిలిపోవచ్చును. నోటిలో బలవంతముగా నీరు, పాలు, కషాయము పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. మనుష్యుల నొప్పిమాత్రలు, మూత్రము పెంచు మాత్రలు ఇయ్యరాదు. మూత్రద్వారమున పుల్ల, దూది, నూనె పెట్టరాదు.

వైద్యశాలలో జరుగు చికిత్స

ఏమి చేయుదురో తెలిసినచో భయము తగ్గును. మొదట రక్తనాళమున సెలైన్ ఎక్కించి, గుండెను కాపాడు మందులు ఇత్తురు. అవసరమైనచో సన్నని సూదితో పొట్ట ద్వారా మూత్రమును తీసి ఒత్తిడి తగ్గింతురు. పిమ్మట మత్తు ఇచ్చి, క్యాథటర్ అను సన్నని గొట్టమును మార్గమున చొప్పించి, సెలైన్‌తో కడిగి అడ్డంకిని తొలగింతురు. ఆ గొట్టమును సాధారణముగా ఒకటి నుండి మూడు దినములు ఉంచుదురు. బంధము విడిన పిమ్మట మూత్రము విపరీతముగా పోవును. ఆ నష్టమును సెలైన్‌తో పూరింపవలెను. కావున మూత్రము రాగానే పిల్లిని ఇంటికి తీసికొనిపోవుదుమని తొందరపడరాదు. మాటిమాటికి అడ్డుపడు పిల్లులకు సన్నని చివరిభాగమును తొలగించి ద్వారమును వెడల్పు చేయు శస్త్రచికిత్స కలదు.

సకాలమున చేర్చిన పిల్లులలో అధికభాగము బ్రతికి ఇంటికి వచ్చును. ఆలస్యమైన పిల్లికి ఎంత నేర్పరి వైద్యుడైనను భరోసా ఇయ్యలేడు.

ఎక్కడికి పోవలెను?

తుంగతుర్తి పరిసరములవారు మొదట దగ్గరి పశువైద్యుని చూడవలెను. ఆయన నిత్యము చూచునవి పశువులు, మేకలే కావచ్చును. పిల్లికి సరిపోవు గొట్టము ఆయన వద్ద లేకపోవచ్చును. అయినను సూదితో మూత్రము తీసి, సెలైన్ ఇచ్చి ప్రయాణమునకు కావలసిన వ్యవధి కల్పింపగలడు. తరువాత జిల్లా కేంద్రమైన సూర్యాపేట. అంతకు మించిన చికిత్సకు హైదరాబాదు రాజేంద్రనగరములోను, వరంగల్లు సమీపమున మామునూరులోను పశువైద్య కళాశాలలు కలవు. ఇవి 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినవి. కోదాడవారికి హైదరాబాదు కంటె గన్నవరములోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల దగ్గర. తెలంగాణలో 2017లో 1962 అను సంఖ్యతో సంచార పశువైద్య వాహనములు ఆరంభమైనవి. ఆ సంఖ్యకు కూడ ఫోను చేసి విచారింపవచ్చును.

ఈ విచారణ పిల్లి ఆరోగ్యముగా ఉన్న నాడే చేయవలెను. పిల్లులను చూచు వైద్యుడెవరు, రాత్రివేళ ఎవరు పలుకుదురు, గొట్టము వేయు సౌకర్యము ఎచట కలదు అను మూడు ప్రశ్నలకు సమాధానములు కనుగొని గోడ క్యాలెండరుపై వ్రాసి ఉంచవలెను. అర్ధరాత్రి వెదకుట మొదలిడినచో తెల్లవారును.

మరల రాకుండుటకు

గొట్టము తీసిన తరువాతి కొన్ని వారములు జాగ్రత్తగా ఉండవలెను. ఈ కాలముననే మరల అడ్డుపడుట అధికము. ఆయుర్వేదము చెప్పు నిదాన పరివర్జనము, పథ్యము ఇచట ఉపకరించును. నిదాన పరివర్జనమనగా వ్యాధి కారణమును దూరము చేయుట.

జలము: నాలుగు కిలోల పిల్లికి ఆహారములోని తడితో కలిపి దినమునకు సుమారు 200 మి.లీ. నీరు అవసరము. దానికి ఒక దినము చాలు ఎండు గుళికలు 60 గ్రాములు. వానిలోని నీరు సుమారు 6 మి.లీ. మాత్రమే. అదే తడి ఆహారము 250 గ్రాములు తినినచో 190 మి.లీ. నీరు ఆహారముతోనే చేరును. ఒక్క మేత మార్పుతో ఇంత భేదము కలుగును. ఇంటిలో రెండు మూడు చోట్ల వెడల్పైన గిన్నెలలో నీరు పెట్టి దినమునకు రెండుసార్లు మార్చవలెను. ఎండలు నలుబది డిగ్రీలు దాటు మన వేసవిలో ఈ విషయము మరువరాదు.

ఆహారము: ఉప్పు, కారము, ఉల్లి, వెల్లుల్లి లేకుండ ఉడికించిన కోడిమాంసమునో, చేపనో ఉడికిన నీటితోనే కలిపి పెట్టవచ్చును. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషతుల్యములు. ఎండుచేపలు, ఎండురొయ్యలు నిత్యాహారము కారాదు. శాకాహార గృహములలో పెరుగన్నము మాత్రమే పెట్టి పెంచుదురు. మాంసాహారియైన జీవికి అది చాలదు. అట్టివారు దుకాణములో దొరుకు తడి ఆహారమును వైద్యుని సలహాపై కొనుట మేలు. స్ట్రువైట్ స్ఫటికములను కరగించు ప్రత్యేకాహారము కలదు. కాని కాల్షియం ఆక్సలేట్ రాళ్లు దానితో కరగవు. ఏ రాయియో పరీక్షించి తెలిసికొనకుండ ఆహారము మార్చరాదు.

విహారము: ఇసుక తొట్టి శుభ్రముగా, సందడి లేని చోట ఉండవలెను. రెండు పిల్లులున్న ఇంట మూడు తొట్లు ఉండుట మంచిది. ఇంటికి సున్నము వేయుట, పెండ్లి బంధువులు, దీపావళి టపాకాయలు, ఇల్లు మారుట, కొత్త పిల్లి రాక ఇవన్నియు పిల్లి మనస్సును కలతపెట్టును. ఆ దినములలో దానికొక నిశ్శబ్దమైన గది కేటాయించి, ఇసుకను రోజుకు రెండుసార్లు పరీక్షించుచుండవలెను. లావెక్కిన పిల్లిని దారముతోనో, బంతితోనో దినమునకు కొంతసేపు ఆడించవలెను.

ఓషధులు: పల్లేరు మొదలగు మూలికలను పిల్లికి వాడదలచువారు మార్గము తెరచియున్నదని పశువైద్యుడు నిర్ధారించిన పిమ్మట, ఆయన అనుమతితో మాత్రమే యోచింపవలెను. నీరు, తడి ఆహారము, మనశ్శాంతి ఈ మూడింటిని మించిన మూలికను ఈ వ్యాధి నివారణకు నేను చెప్పజాలను.

మనుష్యులకును ఇదే న్యాయము

మూత్రాఘాతములలో వాతాష్ఠీల యని ఒకటి కలదు. గడ్డవంటి గ్రంథి మార్గమును అడ్డగించి మూత్రమును బంధించును. నేడు వృద్ధపురుషులలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రము హఠాత్తుగా నిలిచిపోవుట ఇట్టిదే. ఇంటిలోని పెద్దలకు రాత్రివేళ మూత్రము పూర్తిగా నిలిచి పొత్తికడుపు ఉబ్బినచో బార్లీ నీరు త్రాగించి తెల్లవారువరకు వేచియుండరాదు. పిల్లికి చెప్పిన న్యాయమే ఇచటను వర్తించును.

మంట ఉండి మూత్రము వచ్చుచున్నచో వైద్యుని సలహాకు ఒక దినము వ్యవధి కలదు. ముక్కినను మూత్రము రానిచో గడియ కూడ లేదు. పిల్లిని పెంచు ప్రతి ఇంట పిల్లలకును, పెద్దలకును ఈ ఒక్క భేదము తెలిసియుండవలెను.